పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు: ఏ అంకెను ఎంతవరకు నమ్మాలి?

గోదావరి_ల్యాబ్ · సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. నేను ఒక మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ఈ ఏడాది నుంచి మా దగ్గర పరిశోధన చేసేవాళ్లకు ఒక అవార్డు ఇవ్వాలనుకుంటున్నారు. దరఖాస్తులు చూసే కమిటీలో నన్నూ వేశారు. మొదటి మీటింగ్‌లోనే ఒకరు, "ఎవరి హెచ్-ఇండెక్స్ ఎక్కువుంటే వాళ్లకే ఇచ్చేద్దాం, ఎవరూ నోరెత్తరు" అన్నారు. హెచ్-ఇండెక్స్ అంటే పేపర్లు, వాటికొచ్చిన సైటేషన్లు (ఇతర పేపర్లు వాటిని ఉదహరించిన సార్లు) చూసి ఒక మనిషికి కట్టే అంకె. మిగతావాళ్లు సరేనన్నారు. నాకది సబబుగా అనిపించలేదు, కానీ కాదనడానికి చేతిలో గట్టి ఆధారం ఉండాలి కదా.

నా ఇబ్బంది ఇదీ. కమ్యూనిటీ మెడిసిన్ నుంచి ఒక సార్ అప్లై చేశారు. ఆయన ఒక అంతర్జాతీయ బృందంలో సభ్యులు. ఆ బృందం వేసే పేపర్లలో వందల మంది రచయితలుంటారు, సైటేషన్లు వేలల్లో ఉంటాయి. మైక్రోబయాలజీ నుంచి ఒక మేడమ్ అప్లై చేశారు. పేపర్లు తక్కువే, కానీ ప్రతిదీ మా ల్యాబ్‌లో ఆవిడ దగ్గరుండి చేసిన పనే. హెచ్-ఇండెక్స్ ఒక్కటే చూస్తే ఆవిడ పేరు చర్చకు కూడా రాదు. పైగా పేపర్లు, సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసుల్లో చూస్తే, ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో అంతకంటే బాగా తక్కువ. ఏది రాసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, గురువారం మళ్లీ మీటింగ్ ఉంది.

గణాంకం · సోమవారం ఉదయం

హెచ్-ఇండెక్స్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు చూద్దాం. 2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియేగోలో పనిచేసే భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ దీన్ని ప్రతిపాదించారు. మీ పేపర్లలో 20 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 20 సైటేషన్లు ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. ఇరవై ఒకటికి చేరాలంటే 21 పేపర్లకు తలా 21 ఉండాలి.

ఇప్పుడు ఇద్దర్ని ఊహించుకోండి. ఒకరివి 10 పేపర్లు, ప్రతిదానికీ 10 సైటేషన్లు. ఇంకొకరివీ 10 పేపర్లే, తొమ్మిదింటికి పదేసి, ఒకదానికి 5,000. ఇద్దరి హెచ్-ఇండెక్స్ 10. రెండో మనిషి చేసిన ఆ ఒక్క పెద్ద పని ఈ అంకెలో ఎక్కడా కనబడదు. ఈ అంకె పెరగడమే తప్ప తగ్గదు కూడా. పదేళ్లుగా ఒక్క పేపరూ రాయనివాళ్లకు కూడా పాత పేపర్ల పుణ్యాన పెరుగుతూనే ఉంటుంది. వయసులో చిన్నవాళ్లు ఎంత మంచి పని చేసినా దాని ముందు నిలబడలేరు. రచయితల వరుసలో మొదటి పేరైనా, మూడు వందలో పేరైనా దానికి ఒకటే. మీ కమ్యూనిటీ మెడిసిన్ సార్ విషయంలో జరుగుతున్నది ఇదే.

రంగాల మధ్య తేడా చాలా ముఖ్యం. హిర్ష్ తన మొదటి పేపర్లోనే ఇది చూపించారు. అప్పటికి భౌతిక శాస్త్రంలో పైనున్న ఎడ్వర్డ్ విటెన్ అంకె 110 అయితే, జీవశాస్త్రాల్లో పైనున్న సోలమన్ స్నైడర్ అంకె 191. అంటే స్నైడర్ గొప్ప, విటెన్ తక్కువ అనా? కాదు. జీవవైద్య రంగంలో పేపర్లూ ఎక్కువ, ఒక్కో పేపరు చివర ఇచ్చే రిఫరెన్సులూ ఎక్కువ. ఎకరాకు వరి ఎంత పండిందో, మిర్చి ఎంత పండిందో పక్కపక్కన పెట్టి ఎవరు మంచి రైతో తేల్చం కదా. ఒకే కాలేజీలో కార్డియాలజీని, ఫోరెన్సిక్ మెడిసిన్‌ను హెచ్-ఇండెక్స్‌తో పోల్చడం కూడా అలాంటిదే.

పుస్తకాలగది · సోమవారం మధ్యాహ్నం

నేను ఒక వైద్య సంస్థ లైబ్రరీలో పనిచేస్తాను. ఇలాంటి లెక్కలు తీయడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గూగుల్ స్కాలర్‌కూ స్కోపస్‌కూ అంకె తేడా రావడం మామూలే. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంచుకున్న జర్నళ్లనే ప్రధానంగా లెక్కలోకి తీసుకుంటాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టినవి), యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టిన పీడీఎఫ్‌లు, అన్నీ ఏరుకొస్తుంది. అందుకే అక్కడ దాదాపు ఎప్పుడూ ఎక్కువ కనిపిస్తుంది. ఏది తప్పు, ఏది ఒప్పు అని కాదు. పోల్చేటప్పుడు అందరికీ ఒకే చోటి నుంచి, ఒకే రోజున తీయాలి. పక్కన డేటాబేస్ పేరు, తేదీ రాయాలి. అవి లేకుండా వచ్చిన అంకెను నేనైతే ఫైల్లో పెట్టను.

అంతకంటే పెద్ద సమస్య మన పేర్లు. ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. కొండపల్లి వెంకట రావు అని ఒకరున్నారనుకుందాం. ఒక జర్నల్లో ఆయన రావు కె.వి. అవుతారు. ఇంకో జర్నల్లో వెంకటరావు కె., మరోదాంట్లో కొండపల్లి వి.ఆర్. డేటాబేస్ దృష్టిలో వీళ్లు ముగ్గురు. సైటేషన్లు మూడు ముక్కలవుతాయి. ఇంకోవైపు రావు కె.వి. అనే పేరుతో దేశంలో ఎంతమంది డాక్టర్లుంటారో ఆలోచించండి. వాళ్ల పేపర్లన్నీ ఒకే ప్రొఫైల్లోకి వచ్చి పడతాయి. వైద్య పేపర్ల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు రావడం మొదలైందే 2002లో, అంతకుముందువన్నీ ఇనిషియల్సే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ల తొలి పదేళ్ల పని వేరే మనిషిదన్నట్టు పక్కన పడి ఉంటుంది.

అందుకే దరఖాస్తులో ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి చేయండి. 2012 నుంచి ఉంది, ఉచితం, 16 అంకెలు. పేరు ఎలా రాసినా మనిషి మారరు. అలాగే గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ స్క్రీన్‌షాట్లను ఆధారంగా తీసుకోకండి. ఇతరుల పేపర్లు వాటంతటవే అందులో చేరిపోతుంటాయి, చాలామంది తీసెయ్యరు. పేపర్ల జాబితాను పబ్‌మెడ్ నంబర్లతో అడగండి.

ఓపీ_డాక్టర్ · సోమవారం రాత్రి

మంచి చర్చ. కానీ ఒక మాట చెప్పాలి. రోజంతా ఓపీ, వార్డులు, రాత్రి ఎమర్జెన్సీ చూసే మాలాంటివాళ్లకు ఈ లెక్కలన్నీ పెద్ద టెన్షన్. ప్రమోషన్‌కు ఇన్ని పేపర్లు ఉండాలని నిబంధన. మొదటి వరుసలో పేరుండాలి, లేదా కరెస్పాండింగ్ ఆథర్ (పేపరు గురించి జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవాళ్లు) అయి ఉండాలి. ల్యాబ్ లేదు, గ్రాంట్ లేదు, గణాంకాలు చూసిపెట్టే మనిషి లేడు. అలాంటప్పుడు డబ్బు కట్టించుకుని వారంలో పేపర్ వేసే జర్నళ్ల వలలో జనం పడకుండా ఎలా ఉంటారు? నేను పనిచేసిన ఒక చోట, కేసు చూసిన పీజీ పేరు ఆఖరున, ఆ పేషెంట్ ముఖం కూడా చూడనివాళ్ల పేర్లు ముందు వేసిన పేపర్లు నా కళ్లతో చూశాను. ఆ పిల్లలకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

లెక్క పెట్టేది ఏదైతే జనం దాన్నే తయారుచేస్తారు. 2023లో ప్రపంచం మొత్తమ్మీద 10 వేలకు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి, అంటే జర్నళ్లు వాటిని వెనక్కి తీసుకున్నాయి. అందులో 8 వేలకు పైగా ఒక్క హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లవే. వాటిలో భారతీయుల పేర్లూ ఉన్నాయి.

కొత్త_పీహెచ్‌డీ · సోమవారం రాత్రి

సార్, మేడమ్, నాదొక సందేహం. ప్రతి ఏడాదీ మన దినపత్రికల్లో "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్" అని ఫోటోతో వార్తలు వస్తాయి కదా, స్టాన్‌ఫర్డ్ జాబితా అని. అందులో పేరుంటే అవార్డుకు అదే సరిపోదా?

గణాంకం · మంగళవారం ఉదయం

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ అయోనిడిస్, ఆయన బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా అది. 2019లో మొదటిసారి వచ్చింది. యూనివర్సిటీ పిలిచి ఇచ్చే గుర్తింపు కాదు, అందరికీ అందుబాటులో పెట్టిన డేటా. అయితే కొట్టిపారేయాల్సిన పనీ కాదు. ఎందుకంటే వాళ్లు హెచ్-ఇండెక్స్ దగ్గర ఆగలేదు. ఆరు అంకెలు కలిపి ఒక స్కోరు చేస్తారు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, రచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్-ఇండెక్స్ ఒక మూడు. ఒక్కరే రాసిన పేపర్ల సైటేషన్లు, ఒక్కరే లేదా మొదటి రచయితగా రాసినవాటివి, వాటికి ఆఖరి రచయితగా ఉన్నవి కూడా కలిపినవి మిగతా మూడు. బయోమెడికల్‌లో ఆఖరి పేరు సాధారణంగా ల్యాబ్ నడిపేవాళ్లది కాబట్టి దీనికి అర్థముంది. వందల మంది మధ్యలో పేరున్నవాళ్లకు ఇక్కడ పెద్దగా కలిసిరాదు.

మనుషుల్ని 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీస్తారు. సొంత సైటేషన్లు (తమ పేపర్లను తామే ఉదహరించుకున్నవి) కలిపి ఒకటి, తీసేసి ఒకటి ఇస్తారు. కెరీర్ మొత్తానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఒకటి. వార్త రాసేటప్పుడు ఏ జాబితాలో వచ్చారో చాలాసార్లు చెప్పరు. ఒక్క ఏడాది జాబితాలో ఉండటం వేరు, కెరీర్ జాబితాలో ఉండటం వేరు. సొంత సైటేషన్ల శాతం పక్కనే కనిపిస్తుంది, అది తప్పకుండా చూడండి.

ఇలాంటి జాబితాల్లోకి అడ్డదారిలో ఎక్కేవాళ్లూ ఉన్నారు. క్లారివేట్ కంపెనీ ఏటా "హైలీ సైటెడ్ రీసెర్చర్స్" జాబితా వేస్తుంది. 2023లో అనుమానాస్పద పద్ధతులున్నాయని వెయ్యి మందికి పైగా పేర్లను ముందే తప్పించింది.

అట్లాంటా_తెలుగు · మంగళవారం ఉదయం

ఇక్కడ అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాడే ఒక పద్ధతి చెబుతాను, మీ పనికి నేరుగా ఉపయోగపడుతుంది. రిలేటివ్ సైటేషన్ రేషియో అంటారు, ఆర్‌సీఆర్. 2016లో ఎన్‌ఐహెచ్ వాళ్లే ప్రచురించారు. ఐసైట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పబ్‌మెడ్ నంబర్లు పేస్ట్ చేస్తే చాలు.

దీని కిటుకు ఏమిటంటే, ఒక పేపరు ఏ రంగానిదో జర్నల్ పేరు చూసి నిర్ణయించదు. ఆ పేపరుతోపాటు కలిపి ఎవరెవరిని ఉదహరిస్తున్నారో చూసి, ఆ గుంపునే దాని రంగంగా తీసుకుంటుంది. ఆ రంగంలో ఏడాదికి ఎన్ని సైటేషన్లు రావడం మామూలో లెక్కగట్టి దాంతో పోలుస్తుంది. 1.0 వచ్చిందంటే, ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్లలో సరిగ్గా మధ్యస్థాయి పేపరుకు సమానంగా ఉన్నట్టు. మీ మైక్రోబయాలజీ మేడమ్ పేపర్లు చిన్న రంగానివైతే సైటేషన్లు 15 ఉన్నా ఆర్‌సీఆర్ బాగా రావచ్చు. హెచ్-ఇండెక్స్‌లో ఆ అవకాశమే లేదు. ఏదైనా పేపరును క్లినికల్ ట్రయల్స్, గైడ్‌లైన్స్ ఉదహరించాయా అన్నది కూడా ఐసైట్ చూపిస్తుంది. మెడికల్ కాలేజీకి నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సమాచారం అది.

కానీ రెండు జాగ్రత్తలు. పోయిన ఏడాదీ రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ అంకె నిలకడగా ఉండదు. పబ్‌మెడ్‌లో లేని పేపర్లు అసలు లెక్కకే రావు.

ఇంకో విషయం. ఎన్‌ఐహెచ్ గ్రాంట్ అప్లికేషన్లలో చాలాకాలం ఒక పద్ధతి నడిచింది. విజ్ఞానానికి నేను చేసిన పనులు ఇవీ అని ఐదింటి వరకు రాయాలి, ఒక్కోదాని కింద నాలుగు పేపర్ల వరకే చూపించాలి. అందులో నా పాత్ర ఏమిటో రాయాలి. వంద పేపర్లున్నవాళ్లకూ అంతే చోటు, పది ఉన్నవాళ్లకూ అంతే చోటు.

గోదావరి_ల్యాబ్ · మంగళవారం సాయంత్రం

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. పుస్తకాలగది గారు పేర్ల గురించి రాసింది చదివాక మన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ప్రపంచానికి సుబ్బారో వై.గానే తెలుసు. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది.

బయోకెమిస్ట్రీ వాళ్లం ఆయన పేరు తలవకుండా ఫాస్ఫరస్ పాఠం చెప్పలేం. ఫిస్కె, సుబ్బారో పద్ధతి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది. దశాబ్దాలపాటు ల్యాబుల్లో ఫాస్ఫేట్ కొలిచిన ప్రతివాళ్లూ దాన్ని ఉదహరించారు. ఒక కొలిచే పద్ధతి కాబట్టి సైటేషన్లు కుప్పలుగా వచ్చాయి. ఇదే జాతి పేపరు 1951లో ఆలివర్ లౌరీ రాసిన ప్రొటీన్ కొలత పేపరు. 2014 నాటికే దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు, ఏ పేపరుకూ అన్ని లేవు.

అదే సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఉన్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. 1945 నాటి ఆ పేపర్లో ఆయన పేరు పెద్ద జాబితాలో ఒకటి. దాని వెంటే వచ్చిన మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో వచ్చిన ఆ పేపరు కీమోథెరపీ చరిత్రలో మైలురాయి. అందులో రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు. బోదకాలుకు మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర కూడా లెడర్లీలో ఆయన నాయకత్వంలో వచ్చిందే.

ఆయన 1948 ఆగస్టులో పోయారు. సైటేషన్లు మాత్రమే చూసే కమిటీకి ఆయన ఫాస్ఫరస్ కొలిచిన మనిషిగానే కనిపిస్తారు. లుకేమియా పిల్లలు, బోదకాలు రోగులు ఆ లెక్కలో ఉండరు. ఇది తలచుకుంటే నాకు నిజంగా మనసు కలుక్కుమంటుంది.

ఓపీ_డాక్టర్ · మంగళవారం రాత్రి

సుబ్బారావు గారి గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. కానీ ఒక హెచ్చరిక. అంకెలు వద్దు, పని చూద్దాం అనగానే మన దగ్గర ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఎవరు ఎవరి శిష్యులు, ఎవరు ఏ ఊరు, ఎవరు ఫోన్ చేయించారు అన్నది మొదలవుతుంది. చిన్న కాలేజీలో, ఏ అండా లేకుండా నిజాయితీగా పనిచేసేవాళ్లకు ఆ హెచ్-ఇండెక్స్ అయినా ఒక ఆధారం. దాన్ని పూర్తిగా తీసేస్తే మొదట నష్టపోయేది వాళ్లే. కమిటీ విచక్షణ మీద నాకు అంత నమ్మకం లేదు.

పుస్తకాలగది · బుధవారం ఉదయం

ఓపీ_డాక్టర్ గారి మాటకు బలం చేకూర్చే కథ ఒకటి ఉంది. కలరా రోగికి ఒంట్లో నీరంతా ఎందుకు పోతుందో తేల్చిన మనిషి కలకత్తా పాథాలజిస్టు శంభునాథ్ డే. బ్యాక్టీరియాను వడగట్టి తీసేసిన ద్రవం ఒక్కటే కుందేలు పేగులో అదే పని చేస్తుందని, అంటే అసలు దోషి ఒక టాక్సిన్ అని, 1959లో నేచర్‌లో రాశారు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన దేశంలోనూ బతికుండగా ఆయనకు తగిన గుర్తింపు దక్కలేదు. 1985లో పోయారు.

మరుసటి ఏడాది ఆయన గురించి వివరంగా రాసిందెవరో తెలుసా? యూజీన్ గార్ఫీల్డ్. సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను కనిపెట్టి, 1964లో మొదలుపెట్టిన మనిషే. కలరా పరిశోధనలో ఎవరిని ఎవరు ఉదహరించారో గీసి చూస్తే, డే పని ఎక్కడ ఉందో బయటపడింది. తోటి మనుషులు గమనించనిదాన్ని సైటేషన్ లెక్కే చూపించింది. కాబట్టి అంకెలను వదిలేయమని నేనూ అనను. అయితే గార్ఫీల్డ్ అక్కడ ఒక అంకె చెప్పి ఊరుకోలేదు. ఎవరు, ఎందుకు, ఎప్పుడు ఉదహరించారో చదివారు.

అది చదవకపోతే ఏమవుతుందో వేక్‌ఫీల్డ్ పేపరు చూడండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో వచ్చింది, 2010లో రిట్రాక్ట్ చేశారు. దాన్ని ఉదహరించిన పేపర్లు బోలెడు. ఖండిస్తూ ఉదహరించినా అంకె పెరుగుతుంది.

గణాంకం · బుధవారం మధ్యాహ్నం

గోదావరి_ల్యాబ్ గారూ, మీటింగ్‌లో ఎవరైనా "పోనీ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడదాం" అంటారు, సిద్ధంగా ఉండండి. అది జర్నల్ సగటు. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నది. మనిషికి దాంతో సంబంధం లేదు. ఆక్టా క్రిస్టలోగ్రఫికా ఎ అనే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 దగ్గరుండేది, 2009కి దాదాపు 50 అయింది. కారణం 2008లో వచ్చిన ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ పేపరు. ఆ ఏడాది అందులో రాసిన మిగతావాళ్లందరి పనీ ఒక్కసారిగా పాతిక రెట్లు మెరుగైందా? మనిషిని అంచనా వేయడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారైన డోరా ప్రకటన చెబుతోంది. దాని ప్రింట్ తీసుకెళ్లండి.

గోదావరి_ల్యాబ్ · గురువారం రాత్రి

మీటింగ్ అయింది. రెండు గంటలు పట్టింది. అందరూ ఒప్పుకున్నది ఇదీ: ప్రతి దరఖాస్తుదారూ తమకు నచ్చిన ఐదు పేపర్లే ఇవ్వాలి. ఒక్కోదానికి తాము స్వయంగా చేసిందేమిటో, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో నాలుగు వాక్యాలు తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాయాలి. ఐదింటికీ ఆర్‌సీఆర్ మేమే తీస్తాం. పేపర్లు చదివేవాళ్లలో ఒకరు బయటి కాలేజీ నుంచి ఉంటారు. ఓపీ_డాక్టర్ గారు అన్న పలుకుబడి భయం మా వాళ్లలోనూ ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకే ఈ బయటి మనిషి.

హెచ్-ఇండెక్స్ గడి మాత్రం తీసేయడానికి మా చైర్మన్ ఒప్పుకోలేదు. చివరికి స్కోపస్ నుంచే తీయాలని, పక్కన మొదటి పేపరు వచ్చిన సంవత్సరం, సొంత సైటేషన్లు తీసేసిన అంకె కూడా రాయాలని రాజీకి వచ్చాం. నాకు పూర్తి తృప్తి లేదు, కానీ పోయిన వారం ఉన్నచోట అయితే లేం.

కొత్త_పీహెచ్‌డీ · గురువారం రాత్రి

ఈ థ్రెడ్ చదివి ఇవాళే ఆర్కిడ్ తీసుకున్నాను. నా మొదటి పేపరు ఇంకా రివ్యూలో ఉంది. పేరు ఎలా రాయాలి మేడమ్, ఇంటిపేరు ముందా, వెనకా?

పుస్తకాలగది · శుక్రవారం ఉదయం

ముందైనా వెనకైనా మీ ఇష్టం. ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాయండి, మొదటి పేపర్లో ఎలా రాశారో చివరిదాకా అలాగే రాయండి. జర్నల్ ఫారంలో సర్‌నేమ్ గడిలో ఏం నింపుతున్నారో సబ్మిట్ చేసేముందు సరిచూసుకోండి, రివ్యూలో ఉండగానే అయితే ఎడిటర్‌కు మెయిల్ రాసి మార్పించుకోవచ్చు.

గోదావరి_ల్యాబ్ గారూ, దరఖాస్తులు రాగానే ప్రతి పేపరునూ నంబరుతో పబ్‌మెడ్‌లో తెరిచి, రిట్రాక్షన్ లేదా కరెక్షన్ నోటీసు ఉందేమో చూడమని ఎవరికైనా అప్పగించండి. ఐదేసి పేపర్లే కాబట్టి ఒక పూటలో అయిపోతుంది.